మంత్రి ‘అవునండి’ అంటే పని అయినట్టేనా? అసెంబ్లీ ప్రశ్నను, జవాబును ఎలా చదవాలి?

మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏడాదిగా డాక్టర్ లేరనుకోండి. ఊరివాళ్లు వినతిపత్రం ఇచ్చారు. ఎమ్మెల్యే అసెంబ్లీలో ప్రశ్న వేశారు. వైద్యారోగ్య శాఖ మంత్రి లేచి ‘అవునండి, పోస్టు ఖాళీగా ఉంది, భర్తీకి చర్యలు తీసుకుంటున్నాం’ అన్నారు. మర్నాడు జిల్లా పేజీలో వార్త వచ్చింది. వాట్సాప్ గ్రూపుల్లో వీడియో తిరిగింది. మూడు నెలలు గడిచాయి. ఆసుపత్రిలో ఇప్పటికీ నర్సే మందులు ఇస్తున్నారు.

మంత్రి సభలో అబద్ధం చెప్పారా? లేదు. ఖాళీ ఉందా అని అడిగారు, ఉందన్నారు. చర్యలేమిటని అడిగారు, తీసుకుంటున్నామన్నారు. ఎప్పటిలోగా అని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

చట్టసభలో మంత్రులను ప్రశ్నించడం గురించి మనకు ఎక్కువగా తెలిసింది అరుపులు, వాకౌట్లు, సస్పెన్షన్లు. టీవీలో కనిపించేది అదే. కానీ మీ ఊరి ఆసుపత్రికి, హాస్టల్‌కు, మంచినీటి ట్యాంకుకు సంబంధించిన అసలు సమాచారం బయటికొచ్చేది కాగితం మీద రాసిన ప్రశ్న నుంచి, దానికి వచ్చిన రాతపూర్వక జవాబు నుంచి. ఆ ప్రశ్న ఎలా పుడుతుంది, జవాబు ఎవరు తయారుచేస్తారు, అందులో ఏ మాటకు ఏ అర్థం ఉందో చూద్దాం.

మంత్రి ఎందుకు జవాబు చెప్పాలి?

రాజ్యాంగంలోని 164(2) అధికరణ ప్రకారం రాష్ట్ర మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. కేంద్రంలో ఇదే మాట 75(3) అధికరణ చెబుతుంది. అంటే మంత్రి జవాబు చెప్పడం మర్యాద కోసం కాదు, అది ఆయన పదవితో వచ్చిన బాధ్యత. ప్రశ్నలు అడిగే హక్కు మన దగ్గర బ్రిటిష్ కాలంలో 1892 కౌన్సిళ్ల చట్టంతో మొదలైంది. జవాబు విన్నాక, అడిగిన సభ్యుడే మరో అనుబంధ ప్రశ్న వేసే వీలు 1909లో వచ్చింది.

ఒక ప్రశ్న ఎంతదూరం వెళ్తుందో 1957లో దేశం చూసింది. ఎల్‌ఐసీ డబ్బుతో హరిదాస్ ముంద్రా కంపెనీల షేర్లు ఎందుకు కొన్నారని లోక్‌సభలో ప్రశ్నలు వచ్చాయి. ఫిరోజ్ గాంధీ పట్టు వదల్లేదు. ఆయన అధికార పార్టీ సభ్యుడే. జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు.

నక్షత్రం ఉన్న ప్రశ్న, లేని ప్రశ్న

సభలో మంత్రి నోటితో జవాబు చెప్పాలని సభ్యుడు కోరుకుంటే ఆ ప్రశ్నకు నక్షత్ర గుర్తు పెడతారు. దానికి అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు మాత్రమే వస్తుంది.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 గుర్తు లేని ప్రశ్నలు జాబితాలో ఉంటాయి. రాజ్యసభలో ఇవి 15, 160. లోక్‌సభలో సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. అందులో వాదన, వ్యంగ్యం, ఆరోపణ ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. రాష్ట్ర శాసనసభలు 208 అధికరణ కింద తమ నిబంధనలు తామే రాసుకుంటాయి. అంకెలు వేరైనా పద్ధతి ఇదే.

నక్షత్ర ప్రశ్నకు పేరెక్కువ. కానీ ఒక గంటలో నాలుగైదు ప్రశ్నలకే సమయం సరిపోతుంది. లోక్‌సభలో ఒకే రోజు 20 ప్రశ్నలూ చర్చకు రావడం 1972 తర్వాత మళ్లీ 2019 నవంబర్ 27నే జరిగింది. అందుకే స్థానిక సమస్యలకు చాలాసార్లు గుర్తు లేని ప్రశ్నే మేలు. సభలో గొడవ జరిగినా, వాయిదా పడినా దాని జవాబు కాగితం మీద వస్తుంది. 2020 సెప్టెంబర్‌లో కొవిడ్ పేరుతో పార్లమెంటు ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేసినప్పుడు కూడా రాతపూర్వక జవాబులు ఆగలేదు.

ప్రశ్న మీ మండలం దాకా ఎలా వస్తుంది?

ఎమ్మెల్యే ప్రశ్న అసెంబ్లీ సచివాలయానికి, అక్కడి నుంచి సంబంధిత శాఖ కార్యదర్శికి, ఆయన నుంచి కమిషనర్‌కు లేదా డైరెక్టర్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి జిల్లా అధికారికి, చివరికి మండల స్థాయికి. ప్రభుత్వ కార్యాలయాల్లో దీన్ని ‘ఎల్‌ఏక్యూ’ అంటారు. లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్ అని. మండలి నుంచి వస్తే ‘ఎల్‌సీక్యూ’. ‘ఎల్‌ఏక్యూ వచ్చింది, సాయంత్రానికల్లా వివరాలు పంపండి’ అనే ఫోన్ వస్తే మామూలు రోజుల్లో కదలని ఫైలు కూడా కదులుతుంది.

సభలో మంత్రి చెప్పే అంకె నిజానికి మీ మండలంలో ఒక ఉద్యోగి రిజిస్టర్ చూసి రాసి పంపిన అంకె. అది కింది నుంచి పైకి వెళ్లి మంత్రి నోట వస్తుంది. ప్రశ్న పడిన వారంలో కొన్నిచోట్ల మోటారు బాగవుతుంది, బిల్లు పాస్ అవుతుంది, డెప్యుటేషన్ మీద ఒకరు వచ్చి చేరతారు. ‘సమస్య పరిష్కరించాం’ అని సభలో చెప్పుకోవడానికి. సభలో ప్రశ్న చర్చకు రాకపోయినా జరిగే మేలు ఇది.

ఉద్దానం: ఒక్క సమస్య, ఎందరో మంత్రులు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని తీసుకుందాం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లోని కొబ్బరి, జీడి తోటల మధ్య పల్లెల్లో దశాబ్దాలుగా కిడ్నీ వ్యాధి మనుషులను తీసుకుపోతోంది. సుగర్, బీపీ లేని రైతులు, కూలీలు కూడా దీని బారిన పడుతున్నారు. దీనికి కచ్చితమైన కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు.

ఈ సమస్య మీద రాజకీయంగా అందరూ మాట్లాడారు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురంలో బాధితులను కలిసి అప్పటి ప్రభుత్వాన్ని నిలదీశారు. 2019లో ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 2023 డిసెంబర్ 14న దాన్ని, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీరు తెచ్చే పథకాన్ని ప్రారంభించారు. 2024 జూన్‌లో ఏర్పడిన ప్రభుత్వంలో పవన్ కల్యాణ్ గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి అయ్యారు. ఒకప్పుడు బయటి నుంచి ప్రశ్నించిన నాయకుడే, నీళ్ల విషయంలో ఇప్పుడు సభలో జవాబు చెప్పాల్సిన స్థానంలో ఉన్నారు.

ఇప్పుడు ఉద్దానం ఎమ్మెల్యే ఎవరిని అడగాలి?

ఆసుపత్రిలో డాక్టర్లు, డయాలసిస్ యంత్రాలు, మందుల గురించి రాష్ట్ర వైద్యారోగ్య మంత్రిని. పైపులైన్, ట్యాంకులు, కుళాయిల గురించి గ్రామీణ నీటి సరఫరా మంత్రిని. రోగుల పింఛన్ల గురించి సెర్ప్ చూసే మంత్రిని. నిధులు ఎందుకు విడుదల కాలేదో ఆర్థిక మంత్రిని. వ్యాధి కారణంపై పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలంటే అసలు అసెంబ్లీలో లాభం లేదు. ఐసీఎంఆర్ కేంద్ర ఆరోగ్య శాఖ కింద ఉంది కాబట్టి ఎంపీ పార్లమెంటులో అడగాలి. ఇంటింటికీ కుళాయి నీరిచ్చే జల్ జీవన్ మిషన్‌లో కేంద్రం వాటా ఎంత వచ్చిందన్నది కూడా ఎంపీ జలశక్తి మంత్రిని అడగాల్సిందే.

తలుపు తప్పితే జవాబు ఒక్క వాక్యంలో ముగుస్తుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. అందుకే ఊరి ఆసుపత్రిలో ఖాళీల గురించి ఎంపీ లోక్‌సభలో అడిగితే ‘ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర పరిధిలోని అంశాలు’ అనే మాటతో జవాబు మొదలవుతుంది. కేంద్రం ఇచ్చిన డబ్బు గురించి, అంటే జాతీయ ఆరోగ్య మిషన్ గురించో, 2016లో వచ్చిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం గురించో అడిగితే మాత్రం కేంద్ర మంత్రి లెక్క చెప్పక తప్పదు.

అంతా అడగడంలోనే ఉంది

మన అసెంబ్లీ ప్రశ్నకు ఒక మూస ఉంది. ‘ఈ కింది విషయాలను మంత్రి దయచేసి తెలియజేస్తారా’ అని మొదలై (అ), (ఆ), (ఇ) భాగాలుగా సాగుతుంది. ఉదాహరణకు ఇలా రాశారనుకుందాం.

(అ) ఉద్దానంలో కిడ్నీ వ్యాధి తీవ్రంగా ఉన్న విషయం వాస్తవమేనా?
(ఆ) అయితే, నివారణకు తీసుకుంటున్న చర్యలేమిటి?

దీనికి జవాబు ఎవరైనా ఊహించగలరు. (అ) అవునండి. (ఆ) ఆసుపత్రి కట్టాం, నీళ్లిస్తున్నాం, పింఛన్లు ఇస్తున్నాం. ఇందులో తప్పేమీ లేదు, కొత్తగా తెలిసిందీ ఏమీ లేదు.

అదే సమస్యపై మరో రకంగా రాయొచ్చు.

(అ) పలాస కిడ్నీ ఆసుపత్రికి మంజూరైన నెఫ్రాలజిస్టు పోస్టులెన్ని, ఈ నెల ఒకటో తేదీ నాటికి అక్కడ పనిచేస్తున్న వారెందరు?
(ఆ) డయాలసిస్ యంత్రాలెన్ని, వాటిలో పనిచేస్తున్నవెన్ని, రోజుకు ఎన్ని షిఫ్టులు నడుస్తున్నాయి?
(ఇ) డయాలసిస్ కోసం పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్న వారు మండలాలవారీగా ఎందరు?
(ఈ) ఖాళీలను ఏ తేదీలోగా భర్తీ చేస్తారు?

దీనికి ‘చర్యలు తీసుకుంటున్నాం’ అని తప్పించుకోవడం కష్టం. ఒక అంకె రాయాలి, లేదా సమాచారం లేదని ఒప్పుకోవాలి. రెండూ పనికొచ్చేవే.

ఎదురుచూస్తున్న వారి లెక్క ఎందుకంటే, డయాలసిస్ రోగి సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు యంత్రం మీద పడుకోవాలి. ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు. దగ్గర్లో ఖాళీ లేకపోతే రోగితో పాటు ఇంట్లో ఇంకొకరు కూలి మానుకుని దూరం వెళ్లాలి. కేంద్రం ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న. అందులో చోటు ఉందా అన్నది వేరే ప్రశ్న. ఆ కుటుంబానికి కావాల్సింది రెండోదానికి జవాబు.

జవాబును ఎలా చదవాలి?

ప్రభుత్వ జవాబుల్లో కొన్ని మాటలు పదేపదే వస్తుంటాయి. వాటి వెనుక ఏముందో తెలిస్తే సగం పని అయినట్టే.

‘ప్రశ్న ఉత్పన్నం కాదు’: (అ)కు ‘కాదండి’ అని చెప్పారంటే మిగతా భాగాలన్నీ ఈ ఒక్క మాటతో కొట్టుకుపోతాయి. ‘డాక్టర్లు ఎవరూ లేరన్నది వాస్తవమేనా?’ అని అడిగితే, ఒక్క డాక్టర్ ఉన్నా సరే ‘కాదండి’ అంటారు. ఆ తర్వాత ఎంత మంచి ప్రశ్న రాసినా వృథా. అందుకే ‘వాస్తవమేనా’ కంటే ‘ఎన్ని’ అని మొదలుపెట్టడం మంచిది.

మంజూరు, విడుదల, ఖర్చు: ఈ మూడూ ఒకటి కాదు. పరిపాలనా అనుమతి ఇస్తే మంజూరు. బడ్జెట్ విడుదల ఉత్తర్వు వస్తే విడుదల. పనిచేసిన కాంట్రాక్టర్ బిల్లుకు డబ్బు పడితే ఖర్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ బిల్లు సీఎఫ్‌ఎంఎస్‌లో నెలలు ఆగిపోవచ్చు. ‘రూ.5 కోట్లు మంజూరు చేశాం’ అన్న జవాబు చూసి సంబరపడే ముందు మిగతా రెండు అంకెలు ఉన్నాయో లేదో చూడండి.

‘పోస్టు భర్తీ అయింది’: కాగితం మీద భర్తీ అయిన డాక్టర్ డెప్యుటేషన్‌పై జిల్లా కేంద్రంలో ఉండొచ్చు, పీజీ చదువుకు వెళ్లి ఉండొచ్చు. జీతం ఈ ఆసుపత్రి పేరు మీద, పని ఇంకోచోట. ‘భర్తీ’ అన్న మాటకు, ‘పనిచేస్తున్న’ అన్న మాటకు తేడా అదే.

‘కుళాయి ఇచ్చాం’: జల్ జీవన్ మిషన్ లక్ష్యం మనిషికి రోజుకు 55 లీటర్లు. కుళాయి బిగించడం వేరు, అందులో రోజూ నీళ్లు రావడం వేరు. కనెక్షన్ల సంఖ్య చెప్పి లీటర్లు చెప్పకపోతే జవాబు సగమే.

‘నిధుల లభ్యతను బట్టి’: ఈ ఏడాది బడ్జెట్‌లో దీనికి డబ్బు పెట్టలేదని ముప్పావు వంతు అర్థం చేసుకోవచ్చు.

‘పరిశీలిస్తాం’ అన్న మాటకు విలువ ఉందా?

ఉంది. చాలామంది సభ్యులే దాన్ని వాడుకోరు. మంత్రి సభలో ‘పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం’ అంటే అది హామీ కింద నమోదు కావొచ్చు. లోక్‌సభలో 1953 నుంచే ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఏయే మాటలను హామీగా లెక్కించాలో ఒక జాబితా కూడా ఉంది. ఇచ్చిన హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి. కాకపోతే గడువు పొడిగించమని కమిటీని అడగాలి. రాష్ట్ర శాసనసభల్లోనూ హామీల కమిటీలు ఉంటాయి.

జవాబు తప్పని తేలితే? లోక్‌సభలో స్పీకర్ ఆదేశాల్లోని 115వ ఆదేశం కింద సభ్యుడు ఆ విషయాన్ని స్పీకర్ దృష్టికి తేవొచ్చు. కావాలని సభను తప్పుదోవ పట్టించినట్టు రుజువైతే అది సభా హక్కుల ఉల్లంఘన. అధికారులు జవాబులో ఒక్కో పదాన్ని ఆచితూచి రాసేది ఇందుకే.

అసలు చిక్కు: సభ ఎన్ని రోజులు నడుస్తోంది?

ప్రశ్న ఎంత బాగా రాసినా సభ సమావేశమైతేనే జవాబు. రాజ్యాంగం ప్రకారం రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు. ఏడాదికి ఇన్ని రోజులు కూర్చోవాలని మాత్రం ఎక్కడా లేదు. జస్టిస్ వెంకటాచలయ్య నేతృత్వంలోని రాజ్యాంగ సమీక్ష కమిషన్ 2002లో, 70 మంది కంటే ఎక్కువ సభ్యులున్న అసెంబ్లీలు ఏడాదికి కనీసం 90 రోజులు నడవాలని సూచించింది. 175 మంది సభ్యులున్న ఆంధ్రప్రదేశ్, 119 మంది ఉన్న తెలంగాణ ఈ కోవలోకే వస్తాయి. పీఆర్ఎస్ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రాష్ట్ర అసెంబ్లీలు సగటున నడిచింది 21 రోజులు.

ఆ కొద్ది రోజుల్లోనూ కొన్ని గందరగోళంలో పోతాయి. సభ్యుడు రాకపోయినా, తన పార్టీ సభను బహిష్కరించినా అనుబంధ ప్రశ్న అడిగే అవకాశం పోతుంది. ఏ పార్టీ బహిష్కరించినా నష్టపోయేది ఆ నియోజకవర్గం ప్రజలే. ఆ గంటలో వాళ్ల తరఫున అడిగే మనిషి ఉండరు.

సభలో గొంతు వినిపించనప్పుడు జనం వేరే దారులు వెతుక్కుంటారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన నల్లగొండ జిల్లాలో, సమస్యను దేశం దృష్టికి తేవడానికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో 480 మంది పోటీకి దిగారు. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా ముద్రించాల్సి వచ్చింది. అంతమంది నామినేషన్ వేయాల్సి వచ్చిందంటే, అంతకుముందు అడిగిన ప్రశ్నలకు జవాబు అందలేదనే కదా.

మీరేం చేయొచ్చు?

ఎమ్మెల్యేకు ఇచ్చే వినతిపత్రంలో ‘మా ఆసుపత్రి సమస్య పరిష్కరించగలరు’ అని మాత్రమే రాయకండి. నాలుగు ప్రశ్నలు రాసి ఇవ్వండి. ఊరి పేరు, పోస్టు పేరు, తేదీ, అంకె ఉండాలి. సిద్ధంగా ఉన్న ప్రశ్నను నోటీసుగా మార్చడం ఎమ్మెల్యే కార్యాలయానికి సులువు. అధికార పార్టీ ఎమ్మెల్యే కూడా ప్రశ్న వేయొచ్చు, వేస్తారు కూడా.

ఎమ్మెల్యే పట్టించుకోకపోతే ఎమ్మెల్సీ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మంది, తెలంగాణ మండలిలో 40 మంది సభ్యులుంటారు. పట్టభద్రుల, ఉపాధ్యాయ నియోజకవర్గాల నుంచి వచ్చిన వారిని ఆయా జిల్లాల ప్రజలు అడగొచ్చు.

జవాబు వచ్చాక దాని ప్రతి తెచ్చుకోండి. పార్లమెంటు జవాబులన్నీ సభల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అసెంబ్లీ జవాబు దొరక్కపోతే ఎమ్మెల్యే కార్యాలయంలో అడగండి. సభ్యుడికి ప్రతి అందుతుంది.

తర్వాత సమాచార హక్కు చట్టం ఉంది. ‘ఫలానా తేదీన సభలో మంత్రి ఇచ్చిన జవాబుపై ఈ రోజు వరకు తీసుకున్న చర్యలు, సంబంధిత ఉత్తర్వుల ప్రతులు ఇవ్వండి’ అని దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో చేసిన ఫీజు నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపై కార్యాలయాల్లో రూ.10. ‘సభలో మంత్రి చెప్పారు’ అన్న ఆధారం జతచేసిన దరఖాస్తును పక్కన పడేయడానికి అధికారి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

ఆ కాగితం పట్టుకుని మళ్లీ ఎమ్మెల్యే దగ్గరికే వెళ్లండి. ఈసారి ప్రశ్న ‘ఖాళీ ఉన్న విషయం వాస్తవమేనా’ అని మొదలు కాకూడదు. ‘గత సమావేశాల్లో భర్తీ చేస్తామని చెప్పిన పోస్టులో ఏ తేదీన ఎవరిని నియమించారు?’ అని మొదలవ్వాలి.